మూలలు అరగదీసిన పైస

రెండో పాపకు బొడ్డు ఊడిపోయాక నాభి లోపలికి పోలేదు. చిన్న గోలీలా బయటికే ఉండిపోయింది. ఏడ్చినప్పుడల్లా ఇంకా ఉబ్బేది. డిగ్రీ దాకా చదివాను గానీ, పాప ఏడుపందుకుంటే నా చూపు ముందు పొట్ట మీదికే పోయేది.

పెద్దదానికీ ఇలాగే అయితే అత్తమ్మ నాభి మీద రాగి పైస పెట్టి గుడ్డతో కట్టింది. అణిగిపోయాక ఆ పైసను ఇంటి పెంకుల మీదికి విసిరేయడం వాళ్ళ ఆచారం. దాచుకుందామని నేనంటే, "పైసలకేం కరువు బిడ్డా" అని నవ్వి విసిరేసింది.

నాలుగేళ్ళకే కరువొచ్చింది. ఆ గుండ్రటి రాగి పైసలు చేయడం సర్కారు అప్పటికే మానేసింది. పాతవి కూడా బజారులో కనబడకుండా పోయాయి. అత్తమ్మ కాశిబుగ్గలో తెలిసిన ఇళ్ళన్నీ తిరిగి, చివరికి తెల్లటి సత్తు పైస తెచ్చింది. నలుచదరంగా ఉంది.

"చారాణ పెడదామా అత్తమ్మా? అదన్నా గుండ్రంగుంటది."

"పెంకుల మీదికి చారాణ ఎవలిసిరేస్తరు? నవాబుల ఇల్లు దొరికింది గదా నీకు."

కట్టింది. వద్దనే ధైర్యం నాకు లేదు. కట్టకపోతే తగ్గదేమోనని భయం కూడా. మూడో రోజు స్నానానికి విప్పితే నాలుగు మూలలూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. ఒకచోట చర్మం చిట్లింది.

పాపను ఎత్తుకుని దవాఖానకు పోయాను. డాక్టరమ్మ పుండుకు మందు రాసి, పైసలు కట్టొద్దంది. చాలామంది పిల్లలకు దానంతటదే లోపలికి పోతుందట.

ఇంట్లో చెప్తే అత్తమ్మ, "రాగిదైతే గిట్లయ్యేదా?" అంది.

మామ మగ్గం దిగి వచ్చి, గడప దగ్గరి బండ మీద ఆ పైస మూలలు అరగదీస్తూ కూచున్నాడు. దీపాలు పెట్టే వేళకు దాన్ని నా చేతిలో పెట్టాడు. "ఇగ గుచ్చుకోదు. ఫికర్ చేయకు."

ఎవరితోనూ వాదించే ఓపిక లేకపోయింది. పుండు మానాక, జుబ్బా మీదనుంచే పైస పెట్టి వదులుగా కట్టాను. అత్తమ్మకు కట్టినట్టే కనిపించింది, పాపకు తగిలిందే లేదు.

నాభి అణగడానికి ఏడాది దాటింది. ఈసారి అత్తమ్మ పెంకుల వైపు చూడనైనా లేదు. పైసను గుడ్డపేలికలో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది.

"మళ్ల దొరుకది. రేపు అక్కరకొస్తది."

ఎవరికని నేనడగలేదు.