గట్టు మీది రెండో నీడ

2023 చలికాలం. కాకినాడ నుంచి వచ్చి మేడ్చల్‌లో స్థిరపడి అప్పటికి ఆరేళ్ళు. కండ్లకోయ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు, మేడ్చల్ బస్టాండు పక్క సందులో చిన్న స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు నాకు కూడు పెట్టే పనులు. పేరు తెచ్చిన పని మాత్రం వేరు. నేను గూడ్సు రైళ్ళ ఫోటోలు తీస్తాను. క్యాలెండర్లు వేసేవాళ్ళు, రైలు బొమ్మలు తయారుచేసేవాళ్ళు, రైల్వే పరీక్షల పుస్తకాలు వేసేవాళ్ళు కొంటారు. కాకినాడ పోర్టులో బొగ్గు రేకుల వెంట, ఎరువుల రేకుల వెంట తిరిగి నేర్చుకున్న విద్య ఇది. రేక్ అంటే ఇంజను వెనుక కట్టిన వ్యాగన్ల వరస మొత్తం. "పెళ్ళికెళ్తే కనీసం భోజనం పెడతారు, గూడ్సు బండి మసి తప్ప ఏం పెడుతుందండీ?" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ ఏడు మేడ్చల్ దాటాక లైను పక్కన కరెంటు స్తంభాలు పాతడం మొదలుపెట్టారు. తీగలు లాగేస్తే ఇక శుభ్రమైన ఫోటో రాదు. అందుకని డీజిల్ ఇంజన్లు తిరుగుతుండగానే తీసేసుకోవాలని రోజూ పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. రైల్వే గేటు దగ్గర బండి ఆపి, పట్టాల పక్క బాటలో అర కిలోమీటరు నడిస్తే ఒక మట్టి గట్టు వస్తుంది. దాని ముందు ట్రైపాడ్ పెడితే సూర్యుడు సరిగ్గా వీపు వెనుక ఉంటాడు. ఏడున్నర ప్రాంతంలో ఒక గూడ్సు తప్పకుండా వచ్చేది. రెండు సెకన్లకొక ఫోటో కెమెరా తనంతట తానే తీసుకునేలా పెట్టి, తెర మీద కన్ను వేసి నిలబడేవాణ్ణి. చెవుల్లో దూది పెట్టుకోవడం పోర్టులో అబ్బిన అలవాటు. దగ్గర నుంచి హారన్ కొడితే పూటంతా తల దిమ్మెక్కిపోతుంది మరి.

వీపు వెనుక సూర్యుడుంటే ఇంజను మెరిసిపోతుంది. కానీ చలికాలపు పొద్దుటి ఎండలో మన నీడ పొడుగ్గా సాగి పట్టాల దాకా పడుతుంది. ఫోటోలో తీసినవాడి నీడ కనపడడం మా పనిలో నామర్దా. అందుకని ఇంటికి రాగానే ప్రతి ఫోటో కింది భాగాన్ని క్రాప్ చేసేవాణ్ణి, అంటే కత్తిరించి పారేసేవాణ్ణి. ఏం కత్తిరిస్తున్నానో ఒక్కసారీ పరీక్షగా చూడలేదు. ఈ విషయంలో నా అంత శుభ్రంగా చేసేవాడు లేడని నాకు గర్వం కూడా.

గూడ్సు చివర బ్రేక్ వ్యాన్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో గార్డు ఉంటాడు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ జనం నోట గార్డే. స్టేషన్లు, గేట్లు దాటేటప్పుడు ఆయన పచ్చజెండా చూపిస్తాడు. కింద ఉన్నవాడు బండి మొత్తం కళ్ళతో తడిమి, పొగలూ వేలాడే తలుపులూ ఏమీ లేకపోతే తిరిగి పచ్చజెండా చూపిస్తాడు. దాన్ని ఆల్‌రైట్ సిగ్నల్ అంటారు. జవాబు కనిపించేదాకా గార్డు చెయ్యి దించడు.

విచిత్రంగా నేనుండే చోట గేటూ లేదు, స్టేషనూ లేదు. అయినా ప్రతి గార్డూ అక్కడ జెండా చూపించేవాడు. నాకే చూపిస్తున్నారనుకున్నాను. రోజూ వచ్చే కెమెరా ఆయనకు మర్యాద చేస్తున్నారని పొంగిపోయి మా ఆవిడకు చెప్పాను కూడా. నేనూ ఒక నవ్వు నవ్వి చెయ్యి ఊపేవాణ్ణి.

డిసెంబర్ మొదట్లో ఆ ఫోటోలు వరసగా పెట్టి చూస్తుంటే ఒక సంగతి కంటపడింది. ఒక్క గార్డు కూడా కెమెరా వైపు చూడడం లేదు. అందరి చూపూ నా తల పక్క నుంచి, కాస్త పైకి, ఒకే చోటికి పోతోంది. మనుషులు వేరు, రోజులు వేరు, చూపు ఒకటే. కొత్తగా తీసిన ఫోటోల్లో ఇంకో సంగతి. గార్డులు సగం ఒళ్ళు బయటికి వంచి, జెండా చాపి, వెనక్కి వెనక్కి చూస్తున్నారు. పిలిస్తే పలకని ఇంటి ముందు నిలబడ్డవాళ్ళ మొహాలు అవి.

మర్నాడు బండి వెళ్ళగానే మొదటిసారి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. పది అడుగుల దూరంలో గట్టు, దాని మీద మోకాలెత్తు గడ్డి. గట్టెక్కి చూశాను. గడ్డి మధ్యలో రెండు చోట్ల మాత్రం నేల నున్నగా అరిగిపోయి ఉంది. రెండు పాదాలు పట్టేంత చోటు. ఏళ్ళ తరబడి ఒక మనిషి నిలబడితే గానీ నేల అలా అరగదు. నిజం చెప్పొద్దూ, భయపడ్డాను.

ఆ శనివారం స్టూడియోకి ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పేరు స్వరూప. శామీర్‌పేటలో టైలరింగ్ షాపు, ఇల్లు మాత్రం మేడ్చల్ లైను పక్కనే అని చెప్పింది. నా గురించి గేట్‌మ్యాన్ చెప్పాడట.

"రైలు ఫోటోలు దీసేది మీరేనా సార్?"

"నేనేనమ్మా. కూర్చోండి."

కూర్చోలేదు. "మా బాపు గూడ్సు గార్డుగ జేసి రిటైరయిండు. రోజూ పొద్దుగాల గట్టు మీద నిలవడి బండ్లకు జెండ జూపెడుతుండె. గార్డులందరు ఎర్కనే. మీ ఎన్కనే ఉంటుండె సార్. కెమెరా సారొచ్చిండు, గా సారు ఇయ్యాల గూడ లేటు అనుకుంట ఇంటికొచ్చి చెప్తుండె."

తెల్ల తువ్వాలు భుజాన వేసుకున్న ఒక ముసలాయన గట్టు అవతల కూర్చుని ఉండడం రెండు మూడుసార్లు చూసినట్టు లీలగా గుర్తొచ్చింది. పలకరించలేదు. వెలుతురు పోతుందన్న తొందర నాది.

"ఇప్పుడాయన..."

"కార్తీక పున్నమి తెల్లారి పోయిండు సార్. గా గట్టు ఎన్కనే. తొమ్మిది గొట్టంగ గొర్లు కాసేటాయన జూసి ఫోన్ జేసిండు." తడుముకోకుండా చెప్పింది. చాలాసార్లు చెప్పి అలవాటైనట్టుంది. "పొద్దుగాల చాతిల బరువున్నదన్నడు. పోవద్దు బాపు అన్న. ఇనలే. జల్దీ వస్తనన్నడు. మీరు గా దినం ఆడనే ఉన్నరని గేటాయన చెప్పిండు. ఒక్కటే అడుగుదామని వచ్చిన. మిమ్ముల పిలిసిండా సార్?"

చెవుల్లో దూది గుర్తొచ్చింది.

కత్తిరించక ముందరి ఫోటోలు హార్డ్‌డిస్క్‌లో అలాగే ఉంచుతాను. ఆ రోజువి తెరిచాను. ముప్ఫై ఒక్క ఫోటోలు. ఆమె నా కుర్చీ పక్కన వచ్చి నిలబడింది.

మొదటి ఫోటోలో ఇంజను. కింద గులకరాళ్ళ మీద ట్రైపాడ్ నీడ, దాని పక్కన నా నీడ. నా నీడకు కాస్త ఎడంగా, నాకంటే పొడుగ్గా ఇంకో నీడ. నెలల తరబడి నా నీడతో పాటు కత్తిరించి పారేసింది దీన్నే.

"గదే. బాపే," అంది ఆమె.

ఒక్కొక్కటే ముందుకు జరిపాను. వ్యాగన్లు పోతున్నాయి, నీడ వాటి పక్కల మీద కదలకుండా నిలబడి ఉంది. పన్నెండో ఫోటోలో ఒక చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. పంతొమ్మిదో దాంట్లో నీడ పొట్టిదైంది, మోకాళ్ళు వంగినట్టున్నాయి. ఆపేయనా అన్నట్టు ఆమె వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది. ఇరవై ఏడులో నీడ మళ్ళీ నిటారుగా లేచింది. ఇరవై ఎనిమిదిలో బ్రేక్ వ్యాన్. గార్డు జెండా చాపి ఉన్నాడు. ఇటు నీడ చెయ్యి పైకి లేచి ఉంది, చేతిలో జెండా గుడ్డ గాలికి విప్పుకుని ఉంది. ఆ నొప్పితోనే ఆయన బండి మొత్తం చూసి, అంతా బాగుందని చెప్పి పంపించాడు.

ఇరవై తొమ్మిదిలో ఖాళీ పట్టాలు. రెండో నీడ కూర్చుండిపోయింది. ముప్ఫైలో నా నీడ సంచీ కోసం వంగుతోంది. ముప్ఫై ఒకటి చివరిది. కెమెరా ఆపేలోపు దానంతట అది తీసుకున్నది. అందులో నేను సంచీ భుజాన వేసుకుంటున్నాను. వెనుక కూర్చున్న నీడ చెయ్యి మళ్ళీ లేచి ఉంది. ఈసారి జెండా లేదు. వేళ్ళు విడివిడిగా తెలుస్తున్నాయి. ఆ చెయ్యి పట్టాల వైపు లేదు, నా నీడ వైపు చాచి ఉంది.

ఆ ఫోటో ఆమెకు చూపించకుండా దాటేద్దామని ఒక్క క్షణం అనిపించిన మాట దాచను. అప్పటికే చూసేసింది.

"చెవుల్లో దూది పెట్టుకుంటానమ్మా," అన్నాను. "వినపడలేదు. వెనక్కి తిరగలేదు. నేరుగా గేటు దగ్గరికి వెళ్ళిపోయాను."

ఆమె తెర మీద ఆ వేళ్ళ నీడను ఒకసారి తాకింది. సందు మొగలో కాలేజీ బస్సు ఆగి, పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళింది.

"పిలిసిండు సార్," అంది చివరికి. "నాకు గదే తెల్వాలె. ఎవ్వలు లేని కాడ పోయిండేమో అని పది దినాల సంది నిద్ర లేదు. పక్కన మనిషున్నడు. పిలిసిండు. గంతే సాలు."

ఆ మాటతో ఆమె గుండె మీది బరువు దిగింది. అది ఎక్కడికి చేరిందో నాకు తెలుసు.

"జెండ వట్టుకున్నది ఒకటి కడిగియ్యుండ్రి. ఇంట్ల వెట్టుకుంట."

"ఈ చివరిది?"

తలుపు దాకా వెళ్ళి ఆగింది. కోపం లేదు ఆ మొహంలో. "గది మీ కాడనే ఉండనియ్యుండ్రి సార్. మిమ్ములనే గద పిలిసింది."

ఇప్పుడు ఆ లైను మీద తీగలు వచ్చేశాయి. ఇంజన్లూ మారాయి. నేను చెవుల్లో దూది మానేశాను, ఎంత హోరైనా సరే. ఫోటోల కింది భాగం కత్తిరించడం మానేశాను. నా నీడ ఉంటే క్యాలెండర్ల వాళ్ళు తిరగ్గొడతారు, కొట్టనీ. చాలా ఏళ్ళ పనిలో ఎదురుగా ఉన్నదాన్ని చూడడం బాగానే వచ్చింది నాకు. వీపు వెనుక ఎవరున్నారో చూడడం ఆయన చెయ్యి చాచాక గానీ నేర్చుకోలేదు.

పాత గార్డులు కొందరు ఇంకా అక్కడ వంగి చూస్తారు, జెండా చాపి. చివరి బండి వెళ్ళాక, సంచీ అందుకునే ముందు, నేను వెనక్కి తిరిగి గట్టు కేసి చూస్తాను. ఎవరూ ఉండరు. ఆ రెండు పాదాల చోట మాత్రం ఇంకా గడ్డి మొలవలేదు.