పేషెంటు ఎక్కితే ఆగిపోయే కారు

ఆయనకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. కార్లకి కరెంటు పని మొదలెట్టిన ఏడాదికే అది మూలపడింది. వీధి వీధంతా కలిసి 'ఎందుకయ్య' అని పెట్టేసింది. హెడ్‌లైటు వెలగట్లేదని కారు తెస్తే మిగతా మెకానిక్కులు బల్బు మార్చి పంపిస్తారా, ఈయన మాత్రం "ఎందుకు వెలగట్లేదు?" అంటాడు. బల్బు మాడిపోయింది కదయ్యా అంటే, "అదే, ఎందుకు మాడింది?" అంటాడు. తిక్కరేగి కారు వెనక్కి తిప్పుకుపోయినవాళ్ళు కూడా ఉన్నారు. పోతే పోనీ అంటాడు. పాత పార్టు ఎందుకు పోయిందో తేలందే కొత్తది బిగించకూడదని ఆయన పట్టు. ముప్ఫై ఏళ్ళలో తను చేసిన పని ఒక్కటీ తిరిగి రాలేదని కాస్త మిడిసిపాటు కూడా ఉంది. ఉండకూడదా మరి!

ఆ మంగళవారం పొద్దున ఇద్దరు మనుషులు నర్సమ్మ కారుని ఆయన షెడ్డులోకి తోసుకొచ్చారు. నర్సమ్మ అంటే ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ చుట్టుపక్కల కాన్పులు చేస్తున్న మనిషి. ఇళ్ళకి వెళ్ళి చూస్తుంది, కష్టమనిపిస్తే తన కారులోనే వెనకసీట్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోతుంది. ఎందుకయ్య ఒక్కగానొక్క కూతురు పుట్టింది ఆవిడ చేతుల మీదే. ఇప్పుడా కూతురికి నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది.

"తమ్ముడూ, ఇదే ఆఖరు," అంది నర్సమ్మ, తాళంచెవి బల్ల మీద పెడుతూ. "నీ వల్ల కూడా కాకపోతే నేనీ పని మానేస్తాను."

"కారు ఆగితే పని మానెయ్యడమేంటక్కా? ఎందుకు?"

"ఇది ఊరికే ఆగట్లేదయ్యా. నేనొక్కదాన్నే వెళ్తే ఎంత దూరమైనా గుర్రంలా పరిగెడుతుంది. నొప్పులు పడుతున్న మనిషి ఎక్కితే మాత్రం సగం దారిలో చతికిలబడుతుంది. ఏడాదిలో ఆరుసార్లు! పోయినవారం వంతెన మీద ఆగితే ఆ పిల్ల పాపం కారులోనే కనేసింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఇవాళ్టి అమ్మాయిని ఇప్పుడే వేరే బండెక్కించి పంపాను. జనం ఏమంటున్నారో నువ్వు వినలేదా?"

వినకేం! నర్సమ్మ హస్తవాసి పోయిందంటున్నారు. అసలా మాట ఎక్కడ పుట్టిందో కూడా ఎందుకయ్యకి తెలుసు. షెడ్డు వెనక తన ఇంట్లోనే పుట్టింది. ఆయన భార్య పక్కింటావిడతో అంది, పక్కింటావిడ ఎదురింటావిడతో అంది, గోరంత మాట కొండంతై కూర్చుంది. నిన్ననే భార్య తెగేసి చెప్పింది కూడా. "మన పిల్ల ఆ కారెక్కదు. ఆవిడ చెయ్యి దాని మీద పడదు. అంతే!"

నర్సమ్మ ముందు ఆ సంగతి ఎత్తకుండా ఎందుకయ్య స్కానరు తగిలించాడు. కారు లోపల ఒక కంప్యూటరు పెట్టె ఉంటుంది. ఇంజనుకి ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పు రాజెయ్యాలో చెప్పేది అదే. ఈసీఎం అంటారు. స్కానరు దాన్ని పిలిచింది. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఫ్యూజులు చూశాడు, బాగున్నాయి. బ్యాటరీ బాగుంది. పెట్టె దాకా కరెంటు వస్తోంది, ఎర్త్ వైరూ గట్టిగానే ఉంది. అన్నీ అందుతున్నా నోరు విప్పట్లేదంటే పెట్టే పోయినట్టు.

"పెట్టె పోయిందని నాకూ తెలుసు," అంది నర్సమ్మ. "ఇది రెండోది. మొదటిది పోతే ఆర్నెల్ల కిందట వేరే షెడ్డువాళ్ళు మార్చారు. ఇదిగో, మూడోది. ఎక్కడెక్కడో వెతికించి తెచ్చాను. ఈ మోడలుకి ఇంక దొరకదట. బిగించెయ్యి."

ఎందుకయ్య ఆ అట్టపెట్టెని ముట్టుకోలేదు. రెండు పెట్టెలు ఏడాదిలో పోయాయంటే వాటిని తినేస్తున్నది ఇంకేదో ఉంది. అదేంటో తెలీకుండా మూడోదీ పెడితే దాన్నీ తినేస్తుంది. మార్చినవాళ్ళు ఆడలేక మద్దెల ఓడన్నట్టు నెపమంతా పెట్టె మీద తోసి చేతులు దులుపుకున్నారు.

నర్సమ్మ తన సామాన్లన్నీ కారులోంచి దించుకుని బెంచీ మీద కూలబడింది. ఎందుకయ్య మళ్ళీ ఓసారి చూద్దామని తాళంచెవి తిప్పాడు. ఇంజను టక్కున అందుకుంది! ఏమీ ఎరగని నంగనాచిలా మెత్తగా నడుస్తోంది. ఆయన కళ్ళు మెరిశాయి. అబ్బ, ఇలాంటిది తగిలి ఎన్నాళ్ళయింది!

"అక్కా, పేషెంటు ఉంటే నువ్వేం చేస్తావో ఇప్పుడు అచ్చం అలాగే చెయ్యి."

"పేషెంటేదీ?"

సరిగ్గా అప్పుడే ఆయన భార్య టీ గ్లాసులతో వచ్చింది. ఎందుకయ్య ఆవిడ వంక చూశాడు.

"నీకేమన్నా మతిపోయిందా!" అని ఆవిడ మండిపడింది. "యాభై ఏళ్ళదాన్ని పట్టుకుని నొప్పులు పడమంటావా నడివీధిలో?"

"కారు ఆగిందనుకో, నీ మాటే నిజమని నలుగురిలో ఒప్పుకుంటా."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో అలాంటి బేరం ఆవిడకి ఎప్పుడూ తగల్లేదు. గ్లాసులు కింద పెట్టి, కొంగు బిగించి, ఎక్కి పడుకుంది. ఆవిడ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఎందుకయ్య కూడా వెనకే సర్దుకున్నాడు.

"మూలుగు."

"ఎందుకు మూలగాలి?"

"ఎలా జరిగేదో అలాగే జరగాలి. మూలుగు!"

ఆవిడ మూలిగింది. ఎలా మూలిగిందంటే, టైర్ల కొట్టువాడు పని ఆపి పరిగెత్తుకొచ్చాడు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చారు. నర్సమ్మకి మాత్రం నవ్వు రాలేదు. రోజూ చేసే పనే కాబట్టి చేతులు వాటంతటవే కదిలాయి. వెనక పడుకున్న మనిషికి చోటు కావాలని పక్కసీటుని ముందుకు తోసింది. మందులూ కత్తెరలూ ఉండే ఇనప్పెట్టెని ఆ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట ఇరికించింది. కారు కదిలింది. వీధి చివర స్పీడ్‌బ్రేకరు ఎక్కి దిగింది. ఇంజను ఠక్కున ఆగింది.

"చెప్పానా!" అంటూ భార్య లేచి కూర్చుంది. "విన్నారా అందరూ? చెప్పానా లేదా!"

ఎందుకయ్యకి ఆ అరుపు చెవికెక్కలేదు. దిగి, ముందు తలుపు తీసి, ఇనప్పెట్టె బయట పెట్టాడు. తాళం తిప్పితే ఇంజను పలికింది. పెట్టె మళ్ళీ ఇరికించి సీటు తోశాడు. ఆగింది. తీశాడు, పలికింది. మూడుసార్లు అలా చేసేసరికి చుట్టూ గోల సద్దుమణిగింది.

"అక్కా, ఈ ఇనప్పెట్టె ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాదయింది. అంతకుముందు గుడ్డసంచీ ఉండేది. ఒక్కదాన్నే వెళ్తే వెనకసీట్లో పెట్టుకుంటాను."

నలుగురూ పట్టి కారుని షెడ్డులోకి తెచ్చారు. ఎందుకయ్య ఆ చోట కార్పెట్టు లాగాడు. ఈసీఎం సరిగ్గా దాని వెనకే ఉంది, డొక్క నొక్కుకుపోయి. విప్పి భూతద్దంలో చూస్తే లోపలి పలక మీద వెంట్రుకంత పగులు. నొక్కితే విడిపోతోంది, వదిలితే అతుక్కుంటోంది. దొంగ దొరికాడు! ఆయన సంబరం అంతా ఇంతా కాదు. కానీ ఆ పెట్టె పక్కన రెండు ఖాళీ బోల్టు కన్నాలున్నాయి. అక్కడో కాపుదల రేకు ఉండాలి. రేకుంటే ఇనప్పెట్టె కాదు గదా, గునపం పెట్టి పొడిచినా లోపలికి తగలదు. ఆ రేకు ఎవడు పీకేశాడు? ఎందుకు?

తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ కన్నాల పక్కనుంచి మ్యూజిక్ సిస్టమ్ వైరు పోతోంది. వైరుకి చుట్టిన టేపు కొస చిన్న తోకలా మడిచి ఉంది, తర్వాత విప్పడానికి వీలుగా. ఆ తోక ఆ ఊళ్ళో ఒక్కడే మడుస్తాడు, తనే. ఆరేళ్ళ కిందట వైరు లాగుతుంటే చెయ్యి దూరక రేకు విప్పాడు. పని అయ్యాక బిగిద్దాంలే అనుకున్నాడు. అంతే, మర్చిపోయాడు.

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఈ సంగతి తెలిసింది తనొక్కడికే. చెప్పకపోతే కొంప మునగదు. కొత్త రేకు కొట్టి బిగిస్తే కారు నడుస్తుంది, తన పేరూ నిలుస్తుంది.

"అయితే నేనేనన్నమాట," అంది నర్సమ్మ వెనకనుంచి. "నా చేత్తో నేనే ఆ ఇనప్పెట్టె తెచ్చి అక్కడ పెట్టాను. జనం అన్నది నిజమే."

ఎందుకయ్య లేచి నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"కాదక్కా. నీ చెయ్యి కాదు, నాది," అని అందరికీ వినబడేలా చెప్పాడు. "ఇక్కడుండాల్సిన రేకు ఆరేళ్ళ కిందట నేనే పీకి, మళ్ళీ పెట్టలేదు. రెండు కంప్యూటరు పెట్టెలు పోయింది, నువ్వు ఆరుసార్లు దారిలో ఇరుక్కుపోయింది నా వల్లే."

వెంటనే రేకు కత్తిరించి, వంచి, గట్టిగా బిగించాడు. దాని వెనక మూడో ఈసీఎం పెట్టాడు. స్కానరు తగిలించి, కారు తాళంచెవిని దానికి పరిచయం చేశాడు, లేకపోతే అది ఇంజను తిరగనివ్వదు. భార్యని మళ్ళీ పడుకోబెట్టారు. ఈసారి ఆవిడ మూలగలేదు. ఇనప్పెట్టె ఇరికించి, సీటు తోసి, స్పీడ్‌బ్రేకరు మీద పదిసార్లు ఎక్కించి దించారు. ఇంజను తొణకలేదు.

అందరూ హమ్మయ్య అన్నారు. నర్సమ్మ దిగి, కారు వంక చూడనైనా చూడలేదు. రెండు చేతులూ చాపి వాటినే చూసుకుంటూ భోరుమంది.

"ఏడాదయింది తమ్ముడూ. జనం మాట పోనీ, నేనే ఈ చేతుల్ని నమ్మడం మానేశాను."

ఎందుకయ్య భార్య తలెత్తలేకపోయింది. గబగబా ఇంట్లోకి వెళ్ళి, నిండు చూలాలైన కూతుర్ని చెయ్యి పట్టుకుని అంతమంది మధ్యకీ నడిపించుకొచ్చింది. ఇంకా కన్నీళ్ళ తడి ఆరని నర్సమ్మ చేతిని తీసి కూతురి కడుపు మీద పెట్టింది.

"బిడ్డ ఎటు తిరిగుందో చూడు వదినా," అంది.