ఆంగ్ మో కియోలో కురిసిన అమెరికా మంచు

మొన్న టాంపినీస్ గ్రంథాలయంలో మా మనవరాలు బడిలో ఇచ్చిన పని కోసం నూరేళ్లు దాటిన ఇంగ్లండు పత్రికల్లో ఏదో వెతుకుతుంటే పక్కన కూర్చున్నాను. అది ఒక్క మాట కొట్టిందో లేదో, తెర నిండా పాత పేజీలు పరుచుకున్నాయి. "సో ఈజీ లా, అమ్మమ్మా!" అని ఇక్కడి యాసలో అని నవ్వింది. నిజమేనన్నాను గాని, చీమల బారుల్లాంటి ఆ సన్నటి అక్షరాలు చూడగానే ఈ వయసులోనూ నా గుండె గంతులు వేసింది.

కంప్యూటరు నేర్చినవాళ్లను దేశాలు పిలిచి మరీ కొలువులిచ్చిన ఆ రోజులు మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. మా ఆయనకు ఇక్కడ చిప్పులు చేసే కర్మాగారంలో ఉద్యోగం రావడంతో కాకినాడ నుంచి ఈ చిన్న ద్వీపదేశానికి వచ్చి పాసిర్ రిస్‌లో అద్దె ఫ్లాట్‌లో దిగాం. కొద్ది రోజులకే నాకూ ఆంగ్ మో కియోలోని ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. ఇంగ్లండులోని చిన్న చిన్న ఊళ్ల పాత వారపత్రికలు ఫిల్ము చుట్టలుగా పెట్టెల్లో వచ్చేవి. వాటిని ఫొటోలు తీసి, అందులోని అక్షరాలను యంత్రం చేత చదివించాలి. ఆ చదివించే ప్రోగ్రాం రాసేది నేనూ, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ముస్లిం కుర్రాడూ. అతను నన్ను అక్కా అనేవాడు, నేను భాయ్ అనేదాన్ని.

నాకు ఆ పత్రికల్లో సంతల ధరలూ, చర్చి కబుర్లూ పట్టేవి కావు. నా ప్రాణమంతా అమెరికా కబుర్లున్న కాలమ్ మీదే. అట్లాంటిక్ దాటి ఓడలో వచ్చిన అక్కడి పత్రికల్లోంచి కత్తిరించి, మాకు వచ్చిన ఒక చిన్న ఊరి పత్రిక సంపాదకుడు తన చమత్కారం కొంత కలిపి వేసేవాడు. అక్కడి మేడలు, అక్కడి అగ్నిప్రమాదాలు, అక్కడి కోటీశ్వరుల పెళ్లిళ్లు, నమ్మాలో నవ్వాలో తెలియని వేటగాళ్ల గొప్పలు, అన్నీ ఉండేవి. ఎంత దూరపు సంగతైనా చివరికి తమ ఊరివాళ్లెవరైనా అందులో ఉన్నారా అని వెతికేవాడు. ఉంటే ఇక పండగే. మనం కూడా అంతే కదా, ఎక్కడ ఏం జరిగినా అందులో తెలుగువాళ్లున్నారా అని ముందు చూస్తాం!

ఒకరోజు భాయ్ పగలబడి నవ్వుతూ పిలిచాడు. అమెరికా మైదానాల్లో ఒక రైలు 'షో'లో కూరుకుపోయిందని మా ప్రోగ్రాం చదివిందట. అరిగిన అచ్చులో 'స్నో' కాస్తా 'షో' అయింది. పైగా పక్క కాలమ్ కూడా కలిసిపోయి, ఆకలితో ఉన్న ప్రయాణికుల మధ్యకు పందుల ధరలు వచ్చి చేరాయి. నవ్వుకుంటూనే అసలు పేజీ తీసి చదివాను. చదువుతూ చదువుతూ నవ్వు ఆగిపోయింది.

ఆ రైల్లో ఆ ఊరి గడియారాలు బాగుచేసే ఆయన కూతురు ఉంది. పసిఫిక్ తీరాన ఒక బడిలో పంతులమ్మగా చేరడానికి ఒంటరిగా బయలుదేరిన పిల్ల. మంచు కిటికీల దాకా పేరుకుందనీ, బొగ్గు అడుగంటిందనీ, ప్రయాణికులకు ఎండుచేపలూ బిస్కట్లూ మాత్రమే మిగిలాయనీ రాసి, చివర్న 'మన అమ్మాయి' గురించి ఇంకా కబురు లేదనీ, తండ్రి రోజూ పత్రికాఫీసు గుమ్మంలో నిలబడుతున్నాడనీ సంపాదకుడు ముగించాడు. తర్వాతి వారం కోసం ఆత్రంగా చుట్ట తిప్పితే ఫిల్ము అక్కడితో అయిపోయింది! మిగతాది ఇంగ్లండు నుంచి రావలసిన మరో పెట్టెలో ఉంది.

ఆ సాయంత్రమే మా పైఅధికారి ఇంకో పిడుగు వేశాడు. ఇక్కడి చీనా పెద్దమనిషి, మంచివాడే గాని తొందర ఎక్కువ. మరీ సన్న అక్షరాలున్న భాగాలు యంత్రానికి లొంగడం లేదు, గడువు దగ్గరపడుతోంది. "స్మాల్ వర్డ్స్ స్కిప్ లా! హూ వాంట్ టు రీడ్?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను చదువుతానన్నాను. ఆ పిల్ల కథంతా అక్కడే నిలబడి చెప్పేశాను. ఆయన తల గోక్కుని, "దెన్ వాట్ హ్యాపెన్?" అని అడిగాడు. తెలియదు, పెట్టె రావాలి అన్నాను. సరే, పెట్టె వచ్చేలోగా యంత్రానికి చదువు నేర్పండి, లేకపోతే వదిలేద్దాం అన్నాడు.

ఇక మా పట్టుదల చూడాలి! మేం అప్పటిదాకా కాలమ్‌ల మధ్య తిన్నటి గీత ఒకటి వెతుకుతున్నాం. కాని ఇంగ్లండులో ఆ ఫిల్ము తీసింది బైండు చేసిన పుస్తకాల నుంచి; కుట్టు దగ్గర పేజీ వంగుతుంది, గీతా వంగుతుంది. పేజీని అడ్డంగా పట్టీలు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీలో గీత ఎక్కడుందో విడిగా వెతికితే? ఆ ఊహ నాకు బస్సులో తట్టింది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. మర్నాడు భాయ్ నేనూ కూర్చుని రాశాం. మధ్యాహ్నానికల్లా రైలు నుంచి పందులు దిగిపోయాయి, పట్టీల్లో తిన్నగా నిలిచిన సన్న అక్షరాలూ యంత్రానికి లొంగసాగాయి!

పెట్టె వచ్చిన రోజు ఆఫీసులో ఎవరూ కుర్చీల్లో లేరు. భోజనానికి రుమాళ్లు పెట్టి చోప్ చేసుకున్న, అంటే ముందే పట్టి ఉంచుకున్న, బల్లలు కూడా వదిలేసి వచ్చి నా వెనక మూగారు. చుట్ట ఎక్కించింది మా పైఅధికారే. తర్వాతి సంచికలో అమెరికా కాలమ్ వచ్చింది, అందులో రైలు ఊసే లేదు. "అక్కా, కిందికి పో, జల్దీ! మన పోరి ఏమైందో చూడు!" అని భాయ్ నా కుర్చీ ఊపేస్తున్నాడు. పేజీ అడుగున, సబ్బు ప్రకటన కింద, అచ్చుకు వెళ్లబోయే ముందు ఇరికించిన మూడు పంక్తులు దొరికాయి. ఆ పేజీ మొత్తంలో అంతకన్నా సన్న అక్షరాలు లేవు. యంత్రం ఒక్క తప్పు లేకుండా చదివింది. రైలు కదిలింది, మన అమ్మాయి క్షేమం, చిక్కుకున్నన్నాళ్లూ రైలుపెట్టెలోని పిల్లలకు పాఠాలు చెప్పిందట, తంతి వచ్చింది.

మేం వేసిన కేకలకు పక్క కంపెనీవాళ్లు పరుగెత్తుకొచ్చారు. భాయ్ చప్పట్లు కొడుతున్నాడు. మా పైఅధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఓకే, ఓకే, స్మాల్ వర్డ్స్ ఆల్సో డూ" అని అందరికీ కాఫీ తెప్పించాడు.

ఆ కంపెనీ ఇప్పుడు లేదు. భాయ్ ఆస్ట్రేలియాలో స్థిరపడ్డాడు, పైఅధికారి కాలం చేశాడు. ఈ రోజు అమెరికాలో మంచు కురిస్తే కురుస్తుండగానే నాకు తెలుస్తుంది. నేను అయ్యో అనుకునేలోపు ఇంకో దేశంలో వరద, ఇంకోచోట భూకంపం. వాటిలో చిక్కుకున్నవాళ్లు ఏమయ్యారో ఒక్కసారీ నాకు తెలియదు, తెలుసుకోవాలని నేనూ ఆగను. అమెరికా ఎప్పుడూ చూడని ఒక చిన్న ఊరు మాత్రం ఒక్క పిల్ల కోసం వారమంతా ఎదురుచూసింది, ఆ ఊరినే చూడని మేం ఈ ద్వీపంలో ఇంకో వారం ఎదురుచూశాం. తన కోసం ఇన్ని ప్రాణాలు కొట్టుకున్నాయన్న సంగతి ఆ పిల్లకు ఎవరైనా చెప్పగలిగితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.