ఫీలవుతాను

నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. ‘ఫీల్’ అనే క్రియకు నిఘంటువులో బోలెడు అర్థాలున్నాయి. మన నోట్లో మిగిలింది మాత్రం బాధపడటం ఒక్కటే. అదీ, ఎదుటివాళ్లను ఓ మాట అనేసి, బాధపడొద్దని చెప్పడానికే.

తొంభైల్లో ఒక మధ్యాహ్నం మద్దిలపాలెంలో, చేపలమ్మే ఒకామె సిటీబస్సెక్కి నా పక్కన కూర్చుంది. చేపలన్నీ అమ్మేసి, కడిగేసిన ఖాళీ గంప ఒళ్లో పెట్టుకుంది. కండక్టర్ వచ్చాడు.

“ఎనక్కెళ్లి కూకో అమ్మా. నీసు వాసనొస్తందని అంతన్నారు అందరూ. ఫీలవ్వకు.”

“ఎందుకవ్వను?” అందామె. “నా గంపలో ఉంటే నీసు, మీ కంచంలో ఉంటే కూరా? అనాల్సిందంతా అనీసి ఫీలవ్వొద్దంటే ఎలగ? నాను ఫీలవుతాను. ఇక్కడే కూకుని ఫీలవుతాను. టికెట్టు కొట్టు.”

కండక్టర్ టికెట్టు కొట్టిచ్చాడు. ఆమె నా ముక్కు మీదున్న చేతిరుమాలు వంక చూసింది. తీసేశాను.

చాలా ఏళ్ల తర్వాత, నాకు రావాల్సిన హెడ్‌మిస్ట్రెస్ పోస్టు మా స్కూలు కరస్పాండెంట్ తన బంధువుకి ఇచ్చుకున్నాడు. “ఫీలవ్వకండి మేడమ్” అన్నాడు నవ్వుతూ.

“అవుతాను సార్” అన్నాను, ఆయన ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంటూ.