సమ్మవ్వ కొసరు

చెరువు కట్ట మీద చేపలమ్మే సమ్మవ్వకు కొసరు వేయందే బేరం తెగినట్టుండదు. తూచి ఇచ్చాక గంపలోంచి ఇంకో జెల్ల చేపను తీసి సంచిలో పడేస్తుంది. అట్లాగని ఇంటికి ఒక్క చేప దాచుకునే మనిషి కాదు. మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా ఆ గంపే ఆమె బతుకు. కూతురు వినోద హైదరాబాద్‌లో పనికి పోతే, మూడేళ్ల మనవరాలు స్పందనను పక్కన కూర్చోబెట్టుకునే అమ్ముతుంది.

మనుషులు చెరువులను ఏం చేస్తున్నారన్నదే నా పీహెచ్‌డీ. మంచిర్యాల దగ్గరి ఆ చెరువులోకి టౌను మురుగు, పొలాల మందులు, లారీల నుంచి రాలిన బొగ్గుపొడి అన్నీ చేరతాయి. వారం వారం నీళ్లు, బురద పట్టుకుని, సమ్మవ్వ దగ్గర పన్నెండు జెల్లలు కొని ల్యాబుకు పోయేదాన్ని. పదమూడోది తిరిగిచ్చేదాన్ని.

"కొంచవోయి వండుకో బిడ్డా," అనేది.

"వద్దవ్వా."

మొదట్లో హాస్టల్లో వండుకునే వీల్లేక వద్దన్నాను. తర్వాత రిపోర్టు చూసి భయంతో వద్దన్నాను. జెల్లల్లో సీసం, ఉండొచ్చన్న హద్దుకు నాలుగింతలు. పేపరు అచ్చయ్యేదాకా ఎవరితోనూ అనొద్దన్నారు మా గైడు. ఆ మాట నాకూ సుఖంగానే తోచింది. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవాలన్న యావలో ఏడాదిన్నర నోరు మూసుకున్నాను, సిగ్గులేకుండా.

స్పందనకు ఇంకా మాటలు రాలేదు. నేను కట్ట మీద కనబడగానే మాత్రం "అక్క, అక్క" అని చేతులు చాచేది. నన్నే పిలుస్తుందని మురిసిపోయేదాన్ని.

మొన్న వానాకాలంలో పేపరు అచ్చయింది. ఆ రోజే పోయి, ఈ జెల్లలు తినొద్దని, పిల్లలకు అసలే పెట్టొద్దని సమ్మవ్వకు చెప్పాను. చేప కోస్తున్న కత్తి ఆగిపోయింది.

"ఎప్పటి సంది ఎర్క నీకు?"

"ఏడాదిన్నర."

కత్తిని గంప పక్కన పెట్టింది. తిడితే బాగుండుననిపించింది.

"నేనేమనుకున్ననో ఎర్కనా? ఈ పోరికి పెట్టుమనే నువ్వు వద్దంటున్నవనుకున్న. నువ్వు విడిచిపెట్టిన చేప ఒక్కటే ఇంటికి కొంచవోయేదాన్ని. ముండ్లు తీసి, అక్క ఇచ్చింది తిను అని పెట్టిన. చేపలు తింటే మాటలొస్తయన్నరు బిడ్డా."

వద్దన్న చేప మళ్లీ గంపలోకే పోతుందనుకున్నాను. ఎవరి నోట్లోకి పోతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. పిల్లకు మాటలు రానిది ఆ సీసం వల్లేనని నేను చెప్పలేను. కాదని అంతకన్నా చెప్పలేను.

స్పందన నా వైపు చేతులు చాచింది. ఎత్తుకుందామని వంగాను. నన్ను దాటుకుని గంపలోకి చెయ్యి పెట్టి, ఒక జెల్లను పట్టుకుని నవ్వింది.

"అక్క," అంది దాన్ని చూసి.