ఫోటోలో ఉన్నామె

చీరాల నుంచి చిలకలూరిపేట బస్సులో, ల్యాప్‌టాప్‌లో ఒక జీడిపప్పు కంపెనీ వార్షిక నివేదిక తిరగేస్తున్నాను. అందులోని డిజిటల్ మార్పుల పేజీలు నమ్మి, ఆ షేరు కొనొచ్చని మదుపరులకు రిపోర్టు రాశాను. ఫ్యాక్టరీ గడప మాత్రం తొక్కలేదు.

పక్క సీట్లో ఉన్న యాభై ఏళ్ల ఆమె తెరమీదికి వంగి నవ్వింది. "ఇది నేనేనండీ!"

ఆ పేజీలోని ఫోటోలో ట్యాబ్ పట్టుకుని నిలబడింది ఆమే.

"ఈ ట్యాబ్‌లో ఏం ఎక్కిస్తారండీ?" అని అడిగాను.

"నాకేం తెలుసండీ? చేతికిచ్చి ఫోటో తీసి, దాన్ని మళ్లీ పట్టుకుపోయారు. గింజలు కొట్టడం, పప్పు ఏరడం ఇప్పటికీ చేత్తోనే." జీడిరసానికి నల్లబడ్డ వేళ్లు చూపించింది. "ఇదంతా మీకెందుకు బాబూ?"

"కంపెనీలు ఎలా ఉన్నాయో రాయడం నా ఉద్యోగమండీ."

"మాదెట్టా ఉందని రాశారు?"

"బాగుందని."

"అయితే మా పనికి ఢోకా లేదు. ప్రభువు మిమ్మల్ని చల్లగా చూడాలి."

ఆమె పర్చూరులో దిగేదాకా తలెత్తి చూడలేకపోయాను.

రిపోర్టు ఇంకా బయటికి వెళ్లలేదు. 'ఈ డిజిటల్ మార్పులేవీ ఫ్యాక్టరీకి వెళ్లి చూసినవి కావు' అని ఒక వాక్యం చేర్చాను. మా పైఅధికారి దాన్ని కొట్టేశారు. నేను మళ్లీ రాయలేదు. రిపోర్టు నా పేరుతోనే వెళ్లింది.