మైకాయన అభ్యంతరం

శబ్దం ఆకాశగుణమని శాస్త్రాలు చెబుతాయి. మైకాయన అనుభవంలో మాత్రం అది యాంప్లిఫయరు మీది ఒక నల్లని నాబుకు లోబడిన పదార్థం. పెళ్ళి కానీ, ఎన్నికల సభ కానీ, ఆయన మైక్ సెట్టు లేనిదే ఆ ఊళ్ళో ఎవరి గొంతూ పైకి లేచేది కాదు. అందరి గొంతులూ పెంచిన ఆ మనిషి తాను పెదవి కదపడమే అరుదు. మైకులో స్వయంగా పలికినవి రెండే మాటలు: "హలో, వినబడుతోందా?" వినబడుతోందని జనం అనగానే మైకును మరొకరికి అప్పగించి, యాంప్లిఫయరు వెనక తపస్సులో ఉన్నట్టు కూర్చునేవాడు.

రహదారుల శాఖవారు పెద్ద రోడ్డు ఏది వేయదలచినా ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. నిబంధన అది. ఆ సభలన్నిటికీ మైక్ సెట్టు ఆయనదే. అధికారికి ఆయన మీద అంత గురి కుదరడానికి కారణముంది. అభ్యంతరం చెప్పేవారు సాగదీస్తున్నారని తోస్తే అధికారి కలం తీసి చెవి మీద పెట్టుకునేవాడు. ఆ సైగ అందగానే మైకాయన నాబును, నిద్రపోయిన పసిబిడ్డను పక్క మీదికి దించినంత మృదువుగా వెనక్కి తిప్పేవాడు. మాట్లాడే మనిషి తన గొంతే అలసిందనుకుని కూర్చునేవాడు. ఎవరి మనసూ నొచ్చుకోకుండా సభ ముగిసేది. ఇందులో దోషముందని మైకాయనకు ఏనాడూ తోచలేదు. వంటవాడు ఉప్పు తగ్గించడం లాంటిదే అనుకున్నాడు.

ఇంతలో నాలుగు వరుసల కొత్త రోడ్డు పటం పురపాలక కార్యాలయం గోడకెక్కింది. అందులోని ఎర్రగీత మైకాయన కొట్టును, దాని మీది రెండు గదుల కాపురాన్ని తొలుచుకుంటూ పోయింది. కొట్టు వెనక పాడుబడిన గోదాముల ఖాళీ జాగా ఉంది. గీతను కాస్త అటు జరిపితే ఎవరి ఇల్లూ పోదు.

"ఆ మాటే సభలో అడగండి. అడగడానికే కదా సభ పెట్టేది," అంది భార్య.

"నేనా? మైకులోనా?"

"మరి నేనా? ఊరందరి గొంతూ పెంచారు. మనకోసం ఒక్కసారి నోరు విప్పితే మీ సౌండు బాక్సులేం బద్దలవ్వవులెండి."

సభనాడు ఆయన యాంప్లిఫయరు దగ్గర బావమరిదిని కూర్చోబెట్టాడు. పని నేర్పింది తానే. బావమరిది ఏకసంథాగ్రాహి, సైగలతో సహా నేర్చుకున్నాడు.

తన వంతు వచ్చి మైకు అందుకోగానే మైకాయన నాలుక మీదికి అలవాటే ముందు వచ్చింది.

"హలో, వినబడుతోందా?"

"వినబడుతోంది," అంది సభ.

"అయ్యా, ఆ గీతను..." అనేసరికి అధికారి కలం చెవి మీదికెక్కింది. మాట మైకాయన గొంతులోంచి వస్తూనే ఉంది. బాక్సుల్లోంచి రావడం మానింది. వాక్కుకు నాలుగు మెట్లంటారు పెద్దలు. పైకి వినబడేది వైఖరి. అన్నిటికన్నా అడుగున మౌనంగా ఉండేది పర. ఆ మెట్లు దిగడానికి యోగులకు యుగాలు పడతాయి. మైకాయన వాక్కు నిలబడినచోటనే దిగిపోయింది. నాబు తిప్పిన తీరులో వంక పెట్టడానికి కూడా లేదు.

"ఏరా, నా మీదే తిప్పావా?" అన్నాడు ఇంటికి వచ్చాక.

"ఆయన కలం పెట్టాడు బావా. కలం పెడితే ఎవరని చూడొద్దు, తిప్పెయ్యమని నువ్వే కదా నేర్పావు?"

"అక్కడున్నది నేను కదరా."

"వెనక కూర్చుంటే మనిషి కనబడడు బావా. కలమే కనబడుతుంది."

అంతకాలమూ మైకాయనకు కనబడిందీ అదే.

కొన్నాళ్ళకు సభ నివేదిక వచ్చింది. మాటలను రికార్డు చేసే యంత్రానికి తీగ వెళ్ళేది ఆ యాంప్లిఫయరు నుంచే. గుమాస్తా అందులో విన్నంతవరకే రాశాడు: "మైక్ సెట్టు యజమాని తమ మాట వినబడుతోందా అని అడిగారు. వినబడుతోందని సభ తెలియజేసింది. అభ్యంతరం పరిష్కరించబడినది."

భార్య అది చదివి, "మీ కోరిక తీరిపోయిందటగా. సామాన్లు ఎప్పుడు సర్దమంటారు?" అంది.

అప్పుడే అధికారి ఫోను చేశాడు. "రెండో విడత సభ ఉందయ్యా. తుది నిర్ణయం దాని తర్వాతే. ఈసారి మీ కొట్టు ముందే పెడుతున్నాం. నీకు సామాను మోసే బాధ తప్పింది."

"మీ దయ సార్," అన్నాడు మైకాయన.

ఆ సాయంత్రం ఆయన నాబును పైకంటా తిప్పి, ఊడబీకి, దాని కిందనున్న ఇనుపకాడను కటింగ్ ప్లేయరుతో మొదలంటా కత్తిరించాడు.

"మళ్ళీ నేనే కూర్చోనా బావా?" అన్నాడు బావమరిది, బిక్కమొహం వేసుకుని.

"కూర్చో. సైగ చేస్తే నేర్పినట్టే చెయ్యి."

రెండో సభలో అధికారి స్వాగత వచనాలు వీధి చివరిదాకా మోగాయి. మైకు పక్కన ఆయన గుమాస్తా చెవిలో ఊదిన "భోజనం వేళకల్లా కానిచ్చేద్దాం" అన్న మాట కూడా అంతదూరమూ మోగింది. జనం నవ్వారు. మైకాయన లేచి మైకు అందుకున్నాడు. అధికారి కలం చెవి మీదికెక్కింది. బావమరిది వేళ్ళు యాంప్లిఫయరు మీది నున్నని రేకును తడుముకున్నాయి.

"అయ్యా, ఆ గీతను మా వెనక ఖాళీ జాగాలోంచి తీసుకుపోవచ్చు," అని మొదలుపెట్టాడు మైకాయన. ఈసారి వినబడుతోందా అని అడగలేదు.